ఒడిగుడ్డలో చెయ్యి

భానురేఖ కడుపున పుట్టిన పిల్ల భానురేఖని చూస్తే ఏడుస్తుందనీ, పెదతల్లిని చూస్తే నవ్వుతుందనీ, అంత ఇంజనీరు చదువు చదివినావిడకి పిల్లనెత్తుకోవడం మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పినట్టు లేదనీ ఎదురింటి గవరమ్మ పాలకేంద్రం దగ్గర నలుగురిలో అందట. ఆ మాటని అత్తగారు పోలమ్మ పాలచెంబుతో పాటు ఒక్క చుక్క ఒలకకుండా ఇంటికి తెచ్చింది.

"నానేటీ అన్నేదమ్మా. గవరమ్మ అన్నాది. దాని నోటికి అడ్డూ ఆపూ ఉన్నాదేటి?" అంది. ఇంకో ముక్క మిగిలిపోయినట్టు గుమ్మంలో ఆగి, "అబద్దమైతే దులిపీసి వొచ్చీదాన్నే..." అని లోపలికి పోయింది.

ఆఫీసు బస్సుకి టైమవుతోందని తల దువ్వుకుంటున్న భానురేఖ చేతిలో దువ్వెన జుట్టు మధ్యనే ఆగిపోయింది. కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. తోటికోడలు అప్పలకొండ కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఆ కాళ్ళమీద కృత్తిక బోర్లా పడుకుని ఉంది. అప్పలకొండ చెంబుతో నీళ్ళు పోస్తూ రెండో చేత్తో పిల్ల వీపు రుద్దుతోంది. పిల్ల కళ్ళు మూసుకుని, ఎండ కాగుతున్న పిల్లిలా ఒళ్ళు వదిలేసింది. ఇదే పిల్ల నిన్న ఆదివారం భానురేఖ స్నానం చేయించబోతే మగ్గు లాక్కుని ఆమె నెత్తినే కుమ్మరించింది.

"రెండేళ్ళు నిండిన పిల్లకి కాళ్ళమీద నీళ్ళేమిటక్కా? నిలబెట్టి పోస్తే చాలదూ?"

"నానెక్కడ పడుకోబెట్టాను సెల్లీ! అదే ఎక్కీసి పడుకుంతాది. దిగమంటే దిగదు. మొండిగుంట. నీ కూతురే కదేటి, ఎవులి పోలిక వొస్తాది!" అని అప్పలకొండ పెరడు దద్దరిల్లేలా నవ్వింది.

ఆ నవ్వులో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని భానురేఖ వెతికింది. లేదు. ఉంటే బాగుండేది, కనీసం తిట్టుకోవడానికి పనికొచ్చేది.

అప్పలకొండ బావగారి భార్య. ఏడో తరగతితో చదువు మానేసిన మనిషి. ఇద్దరు కొడుకులని పెంచి హాస్టల్లో వేసింది. ఎప్పుడూ తవుడు వాసనా పసుపు వాసనా కలిసి వస్తుంటుంది. భానురేఖ ఆరు నెలల బిడ్డని వదిలి మళ్ళీ పనిలో చేరినప్పుడు, అడక్కుండానే పిల్లని చంకనేసుకుంది. అప్పుడు భానురేఖ నిజంగానే ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడా ఊపిరే గొంతులో అడ్డం పడుతోంది. పిల్ల అన్నం ఆ చేతి ముద్దే తింటుంది. దెబ్బ తగిలితే ఆ చీర కుచ్చిళ్ళలోకే పరిగెడుతుంది. "నేనే" అనమంటే "నానే" అంటుంది. మాటలు కూడా అక్కణ్ణుంచే తెచ్చుకుంది.

అప్పలకొండ పిల్లని నిద్రపుచ్చే పద్ధతి ఒకటుంది. వీపు మీద రెండు తట్లు తడుతుంది. తర్వాత బొటనవేలితో వెన్ను వెంబడి పైకి ఒక్కసారి నిమురుతుంది. కాసేపు ఆగి మళ్ళీ రెండు. భానురేఖ ఒక మధ్యాహ్నం తలుపు గడియపెట్టుకుని దిండు మీద సాధన చేసింది కూడా. తర్వాత పిల్లమీద వేసి చూస్తే కృత్తిక ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టేసి, "అలా కాదు" అంది.

దానికి తెలిసిన పది ముక్కల్లో ఆ రెండూ ఉండడం భానురేఖ ఖర్మ.

*

భానురేఖ పనిచేసేది విశాఖలో, కొండవాలున ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో. దాని పెద్ద డాక్టర్ సుభద్ర. మంచం పట్టిన రోగులకి వీపు పుండ్లు పడకుండా తనంతట తనే కదిలే పక్కగుడ్డ తయారుచేసి పేరు తెచ్చుకున్న మనిషి. ముట్టుకుంటే నేతచీరలా ఉంటుంది. పోగుల మధ్య వెంట్రుకకన్నా సన్నని తీగలుంటాయి. కరెంటు అందితే అవి కండరంలా బిగుస్తాయి, సడలుతాయి, వెచ్చబడతాయి.

కిందటేడు భానురేఖ పిల్లతో కలిసి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళింది. భర్త ఈశ్వర్రావు అక్కడ ఓడలు బాగుచేసే యార్డులో పనిచేస్తాడు. విమానం లేచిన దగ్గర్నుంచి దిగేదాకా కృత్తిక ఏడుస్తూనే ఉంది. బెల్టు కట్టనివ్వలేదు. పాలసీసా తీసి ముందు సీటు పెద్దాయన బట్టతల మీదికి విసిరింది. ఆయన వెనక్కి తిరిగాడు. కోప్పడినా పోయేది. చాలా జాలిగా, "పిల్లతల్లి రాలేదామ్మా?" అని అడిగాడు.

ఈ సంగతి భానురేఖ మధ్యాహ్నం టిఫిన్ల దగ్గర నవ్వుతాలుగా చెప్పింది. అందరూ నవ్వారు. డాక్టర్ సుభద్ర నవ్వలేదు. "పుండ్లు పడకుండా కదిలే గుడ్డ, జోకొట్టలేదా ఏమిటి?" అంది. అలా పుట్టింది ఒడిగుడ్డ.

పిల్లని ఎత్తుకునే మనిషికి నిండు చేతుల బనీను ఒకటి తొడుగుతారు. గుండె ఎలా కొట్టుకుంటోంది, ఊపిరి ఎంత లోతున ఉంది, చెయ్యి ఎంత బరువుగా ఎంతసేపటికి పడుతోంది, అన్నీ అది నేర్చుకుంటుంది. నేర్చుకున్నది గుడ్డకి చెబుతుంది. మొదటిసారి గంటసేపు బనీను వేసుకుని, విప్పేసి, గుడ్డని ఒళ్ళో పరుచుకున్నప్పుడు భానురేఖకి ఒళ్ళు జలదరించింది. గుడ్డ అచ్చం తనలాగే ఊపిరి తీస్తోంది.

పరీక్షకి తన పిల్లనే ఇస్తానంది. నలభై అయిదు రోజులు ఇంట్లో బనీను వేసుకుని పిల్లని ఎత్తుకోవాలి. తర్వాత విమానంలో చూపించాలి. విమాన సంస్థవాళ్ళ మనిషి ఒకాయన కూడా వస్తాడు. ఆ ప్రయాణంలోనే భానురేఖ పిల్లతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉండిపోతుంది. అక్కణ్ణుంచే పనిచేసుకోవడానికి డాక్టరు ఒప్పుకుంది. ఈశ్వర్రావు సంబరపడ్డాడు. భర్త దగ్గరికి వెళ్తోందని ఊరంతా అనుకుంది. నిజానికి ఆమె అప్పలకొండకి దూరంగా వెళ్తోంది. సముద్రం అడ్డం పడితే పిల్లకి తను తప్ప దిక్కుండదని ఆమె ఆశ.

కానీ పోలమ్మ ఇంట్లో ఒక ఆచారం ఉంది. నెలకి మూడు రోజులు ఆడవాళ్ళు వసారా గదిలో విడిగా ఉండాలి. ఎవరినీ ముట్టుకోకూడదు, పిల్లని కూడా. కాపురానికొచ్చిన కొత్తలో భానురేఖ దీనిమీద గట్టిగానే పోట్లాడింది. తర్వాత తర్వాత గమనిస్తే, ఆ మూడు రోజులూ వంట లేదు, అంట్లు లేవు, పిల్ల పేచీ లేదు. కంప్యూటరు ముందు పెట్టుకుని నింపాదిగా పని చేసుకోవచ్చు. ఆఫీసు వాళ్ళకి ఇంటి నుంచే చేస్తానని చెప్పేది. పోట్లాట దానంతటదే ఆగిపోయింది. రాకుండానే వచ్చిందని చెప్పి ఒక రోజు ముందుగా వసారా ఎక్కిన నెలలు కూడా ఉన్నాయి.

ఆ రోజుల్లో బనీను ఖాళీగా ఉంటే నేర్చుకున్నది చెదిరిపోతుంది. అందుకని దాన్ని వసారా గట్టుమీద పెట్టేది. అప్పలకొండ దానిమీద పసుపునీళ్ళు చిలకరించి వేసుకునేది.

"ఇంత బిగుతేటి సెల్లీ? నానేటి కుస్తీకెల్తన్నానా?"

"పని అయిపోయేదాకా విప్పకక్కా."

"పనైపోడమంటూ ఉంటే కదా!" అనేది పిల్లని భుజానికెత్తుకుంటూ.

గుడ్డ జ్ఞాపకం చిన్నది. నలభై అయిదు రోజులూ అందులో పట్టవు. అందుకని భానురేఖే ఒక నియమం రాసిపెట్టింది. పిల్ల ఏడ్చిన గంటలు తీసెయ్యి, పిల్ల మెత్తబడిన గంటలే ఉంచు. చక్కటి నియమమని డాక్టర్ సుభద్ర మెచ్చుకుంది.

*

ప్రయాణానికి రెండు రోజుల ముందు, అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు భానురేఖ తయారైన ఒడిగుడ్డని మోకాళ్ళమీద పరుచుకుని మీట నొక్కింది. గుడ్డ వెచ్చబడింది. నిదానంగా ఊపిరి తీసింది. రెండు తట్లు తట్టి, వెన్ను వెంబడి ఒక్కసారి పైకి నిమిరింది.

తెర చూడకముందే ఆమెకి అర్థమైపోయింది. అయినా చూసింది. నలభై అయిదు రోజుల్లోంచి ఆమె రాసిన నియమం ఏరిపెట్టిన గంటలన్నీ ఏడు రోజులవి. వసారా గదిలో కూర్చున్న ఏడు రోజులు. అందులో ఒకటి అబద్ధమాడి కూర్చున్నది. మిగతా ముప్ఫై ఎనిమిది రోజులూ ఆమె మోసిన మోత, పాడిన పాట, ఊపిన ఊపు గుడ్డలో గోరంత కూడా లేవు. తన చేత్తో రాసిన నియమమే తనని పొట్టులా చెరిగేసింది.

ఎవరిమీద కోపగించుకోవాలో తెలియలేదు. అప్పలకొండ వేసుకోమంటేనే కదా వేసుకుంది. కానీ సముద్రం దాటి వెళ్తున్నా ఆవిడ ముందే వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టనిపించింది. విమానంలో పిల్ల ఊరుకుంటే అందరూ తన ఒడినే మెచ్చుకుంటారు. ఆ ఒళ్ళో ఉండేది మాత్రం ఆవిడ.

పరీక్ష కాగితాల మీద 'తల్లి' అని రాసి ఉంది కదా, తల్లి గుండె కాక ఇంకెవరిది ఉంటుంది అని తనకి తనే సర్ది చెప్పుకుంది. ఆ ఏడు రోజులూ చెరిపేసింది. తన గంటల్లో పిల్ల కాస్త తక్కువ ఏడ్చినవి ఏరి, వాటితో గుడ్డని నింపింది. ఈసారి ఒళ్ళో పెట్టుకుని చూడలేదు. మడత పెట్టి సంచిలో వేసేసింది.

బయల్దేరిన ఉదయం అప్పలకొండ పిల్లకి ఎప్పటికన్నా ఎక్కువసేపు నీళ్ళు పోసింది. జడ వేసి బొట్టు పెట్టింది. కారు వచ్చేసరికి పశువులపాకలో ఏదో పని ఉందని అటు వెళ్ళిపోయింది. "పెద్దమ్మేదీ?" అని పిల్ల అడిగితే భానురేఖ కారు అద్దం పైకెత్తి, "వస్తుందిలే" అంది.

*

విమానంలో కృత్తిక మొదటి అరగంటా బాగానే ఉంది. అంటే తన ఇష్టప్రకారం ఉంది. ముందు సీటు బల్లని తెరిచింది, మూసింది, ఆ సీటాయన దణ్ణం పెట్టేదాకా. కిటికీ రెక్క దించమంది. దించితే ఎత్తమంది. బెల్టు భానురేఖ పెడితే తీసేసి, "నానే!" అని అరిచింది. తను పెట్టుకోబోతే పడలేదు. పడనందుకు భానురేఖ చేతిమీద కొట్టింది.

భానురేఖ సంచిలోంచి ఒక్కొక్కటే తీసింది. జంతికలు తీస్తే విరిచి కింద పోసింది. అంటించుకునే బొమ్మల కాగితం పది నిమిషాలు నిలబడింది. తర్వాత వాటిలో కుందేలు లేదని పేచీ. సెల్ఫోన్లో పాట పెడితే ఫోను తలకిందులుగా పట్టుకుని, పాట ఆగితే ఏడ్చి, మోగితే ఏడ్చింది. ఇక ఆ ఏడుపు నిజం ఏడుపైపోయింది. వీపు విల్లులా వంచి, సీటులోంచి జారి, "పెద్దమ్మా" అని కేక పెట్టింది.

నడవా అవతలి సీట్లో డాక్టర్ సుభద్ర, ఒళ్ళో టాబ్లెట్. ఆమె పక్కన విమాన సంస్థ మనిషి. డాక్టరు తల ఊపింది, ఇక గుడ్డ తియ్యమన్నట్టు.

భానురేఖ ఒడిగుడ్డ పరిచి పిల్లని దానిమీద పడుకోబెట్టింది. కృత్తిక ఆగింది. చెవి గుడ్డకి ఆనించి, తలుపవతల ఎవరున్నారో వినేదానిలా విన్నది.

ఒక నిమిషం గడిచింది. తర్వాత పిల్ల ఎంత గట్టిగా కేకేసిందంటే ముందు సీట్లలో నిద్రపోతున్నవాళ్ళు లేచి కూర్చున్నారు.

"గుడ్డలో గుండె నూట పది కొట్టుకుంటోంది భానూ," అంది డాక్టరు టాబ్లెట్ చూస్తూ. "బస్సు పట్టుకోవడానికి పరిగెడుతున్న మనిషి గుండెలా ఉంది ఇది. పిల్ల ఇంకా కంగారు పడదూ? ఇది నేను పోయిన వారం లెక్కల్లో చూసిన చెయ్యి కాదు. ఎవరిది?"

"నాదే."

"మరి పోయిన వారం చూసినది?"

భానురేఖ పిల్లని భుజానికెత్తుకుంది. కృత్తిక ఆమె జుట్టు పట్టి లాగింది, మెడ గీరింది. కింద సముద్రం తప్ప ఇంకేం లేదు. ఎన్ని గంటలు చెరిపేసినా పిల్ల వీపు మాత్రం మర్చిపోదని ఆమెకి అప్పుడు తెలిసింది. అయినా మొండికేసింది. కాసేపటికి ఊరుకుంటుంది, అలసిపోతే నా దగ్గరే పడుకుంటుంది, ఎక్కడికి పోతుంది, అని పళ్ళు బిగించి కూర్చుంది. ఇద్దరిలో మొండితనం ఎవరిది ఎక్కువో తేలకుండానే అరగంట గడిచింది. కృత్తిక ఎక్కిళ్ళతో ఊపిరాడక, భానురేఖ చీరనిండా కక్కేసింది.

విమాన సంస్థ మనిషి గడియారం చూసుకున్నాడు. ఎయిర్ హోస్టెస్ తడిగుడ్డ తెచ్చి నిలబడింది.

డాక్టర్ సుభద్ర లేచి వచ్చి పక్కన వంగింది. "మన దగ్గర చెరిపేసినదానికి కూడా ప్రతి ఉంటుందని నీకు తెలుసు. ఈ టాబ్లెట్‌లో ఉంది. నిమిషం పట్టదు. కానీ పిల్ల నీది. నీ నోటితో నువ్వు చెప్పాలి."

పిల్ల పెదవులు వణుకుతున్నాయి. గొంతు బొంగురుపోయి ఏడుపు కూడా సరిగ్గా రావడం లేదు.

"పెట్టండి," అంది భానురేఖ.

"ఎవరిదని రాసుకోను?"

"మా తోటికోడలిది."

ఆ రెండు ముక్కలు అనడానికి ఆమెకి ఇంజనీరింగు నాలుగేళ్ళకన్నా ఎక్కువ పట్టినట్టయింది.

గుడ్డ వెచ్చబడింది. రెండు తట్లు, ఒక నిమురు. కృత్తిక ఒళ్ళు ఒక్కొక్క చోటే వదులైంది, ముందు పిడికిళ్ళు, తర్వాత భుజాలు. కళ్ళు మూతలు పడుతుండగా గుడ్డ అంచు చెంపకి ఆనించుకుని, "వొచ్చీసావా?" అంది.

పిల్ల నిద్రపోయింది భానురేఖ ఒళ్ళోనే. ఒడికీ పిల్లకీ మధ్య మాత్రం ఆ పల్చటి గుడ్డ ఉంది. అదేం చేస్తోందో చూద్దామని ఆమె తన అరచెయ్యి గుడ్డ కిందికి పోనిచ్చింది. తట్టు వచ్చి తన చేతిమీద పడింది. ఇంకోటి. తర్వాత నిమురు. అందులో తొందర లేదు, తనకి తెలియని గొప్ప మంత్రమూ లేదు. ఇంకెక్కడికీ పోవలసిన పని లేని చెయ్యి, అంతే. భానురేఖ కళ్ళు కూడా మూతపడబోయాయి. ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది.

రెండు వరుసల వెనక ఎవరి పసివాడో ఏడుపందుకున్నాడు. డాక్టరు తన సంచిలో ఉన్న రెండో గుడ్డలోకీ అదే చెయ్యి ఎక్కించి, పట్టుకెళ్ళి ఆ తల్లి ఒళ్ళో పరిచింది. కాసేపటికి అదీ ఆగిపోయింది. ఆ తల్లి ఆశ్చర్యంగా నవ్వడం భానురేఖకి వినిపించింది. పరాయి పిల్లవాడు కూడా! భానురేఖ మనసులో ఏదో కొంచెం తేలికపడింది, అయితే ఇది తన పిల్ల చేసిన ద్రోహం కాదన్నమాట. మరుక్షణమే అంతకు రెండింతలు మండింది. ఇంక ఆ చెయ్యి ఒక్క కృత్తికతో ఆగదు.

*

పోర్ట్ బ్లెయిర్‌లో సామాన్ల దగ్గరే విమాన సంస్థ మనిషి డాక్టరు చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ప్రతి విమానంలోనూ పెట్టిద్దామన్నాడు. తల్లుల చేత నెలన్నర బనీన్లు తొడిగించే పని కూడా లేదు, ఈ ఒక్క చెయ్యే అందరు పిల్లలకీ చాలునన్నాడు.

"ఆవిడ ఒప్పుకోవాలి. అడక్కుండా ఒక్క గుడ్డ కూడా నెయ్యను," అంది డాక్టర్ సుభద్ర. "భానూ, ఫోన్ కలుపు."

ఈశ్వర్రావు నిద్రపోతున్న కూతుర్ని గుడ్డతో సహా భుజానికెత్తుకుని నిలబడ్డాడు. భానురేఖ కక్కు మరకల చీరతో ఫోను పైకి పట్టుకుంది. తెరమీద ముందు పోలమ్మ నుదురు కనిపించింది, తర్వాత ఇంటి కప్పు, తర్వాత అప్పలకొండ.

"ఏడ్సిందా సెల్లీ? తిన్నాదా?"

"పడుకుంది."

"నీ కాడేనా?"

భానురేఖ నోరు తెరిచింది. అవునని చెప్పేస్తే ఆ మాట ఎవరూ కాదనరు. డాక్టరు కూడా అనదు. కానీ పిల్ల "వొచ్చీసావా" అన్న గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

"నీ దగ్గరేనక్కా. ఆ గుడ్డలో ఉన్నది నువ్వు. నేను తీసేశాను, నాదే పెట్టాను. ఊరుకోలేదు. మళ్ళీ నిన్నే పెట్టించాను."

"అయ్యో, పిచ్చిదానా," అంది అప్పలకొండ. అన్నది తననో పిల్లనో భానురేఖకి తెలియలేదు.

డాక్టర్ సుభద్ర ఫోను అందుకుని ఓపిగ్గా చెప్పింది. గుండె చప్పుడు, ఊపిరి, చేతి తట్టు, అన్నీ గుడ్డలో నేసేస్తామంది. ఆకాశంలో ఏడ్చే పిల్లలందరినీ మీ చెయ్యే జోకొడుతుంది, మీరు ఉన్నచోటు నుంచి కదలక్కర్లేదు అంది. భానురేఖ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నన్నాళ్ళూ కృత్తికకి కూడా రోజూ అదే పరుస్తామంది.

"మా కోడలికి ఎంత పేరో!" అని పోలమ్మ వెనకనుంచి అంది.

"మీకు బదులుగా ఏం కావాలో అడగండి అమ్మా. మొహమాటపడకండి."

అప్పలకొండ తెరలోంచి డాక్టర్ని చూడలేదు. ఆమె భుజం వెనక, ఈశ్వర్రావు మీద వేలాడుతున్న చిన్న జడనే చూస్తోంది.

"సెయ్యి తీసుకుపొండమ్మా, వొద్దన్ను. అందరు గుంటలకీ పంచీండి. ఇక్కడ ఖాళీగా ఉన్న ఈ సేతిలోకి మాత్రం నా గుంటనెవులు తెచ్చి పెడతారు?"